ఎడమ చెయ్యెత్తిన మాస్టారు

ఆ ఆదివారం ఫిజిక్స్ మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి పాత క్వారీ నీళ్ళలో దిగాలి, ఆరు మీటర్ల లోతున పది నిమిషాలు కదలకుండా తేలాలి, డైవింగ్ పరీక్ష పాసై ఇంటికి రావాలి. పాసైతే వచ్చే వారం భార్యతో కలిసి మునిగిన ఓడను చూడ్డానికి వెళ్ళవచ్చు. తప్పితే పడవలో ఆ సీటు బావమరిదిది. బావమరిది అప్పుడే సంచీ సర్దుకున్నాడు కూడా.

ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు ప్లవన సూత్రాలు చెబుతున్న తనకు తేలడం ఒక లెక్కా అని ఆయన ధీమా. చలి దగ్గర మాత్రం ఆ ధీమా నిలవలేదు. చుక్క నీరు చొరని డ్రైసూట్ కింద గుట్టుచప్పుడు కాకుండా రెండు స్వెట్టర్లు తొడిగారు. వాటి నిండా గాలే కాబట్టి, నీళ్ళలో దిగితే ఎంతకీ మునగలేదు.

"లోపలేం వేసుకున్నారు మాస్టారూ?" అని అడిగింది శిక్షకురాలు.

"మామూలు బనీనే. నేను కాస్త బక్కపల్చన కదా, ఇంకో నాలుగు కిలోల సీసం కట్టండి."

భార్య ఆయన పొట్ట వైపు ఓసారి చూసింది.

ఈసారి రాయిలా మునిగారు. కంగారుపడి ఛాతీ మీది బటన్ రెండుసార్లు నొక్కితే సూట్‌లోకి గాలి జొరబడి, పైకి లేవడం మొదలైంది. ఎక్కువైన గాలి పోవాలంటే ఎడమ చెయ్యెత్తాలి, భుజం మీది వాల్వులోంచి పోతుంది. ఎత్తారు. ఒక్క బుడగా పోలేదు. పొద్దున అద్దం ముందు సోకు చూసుకుంటూ, ఆ వాల్వు వదులుగా ఉందనుకుని తనే గట్టిగా బిగించారు మరి.

చెయ్యి ఇంకా పైకి చాచారు. పక్కనే ఈదుతున్న భార్య అది చూసి, పైకి పోదామంటున్నారనుకుంది. ఒకరు పైకంటే అందరూ కదలాలన్నది నియమం. పరీక్షకు వచ్చిన మిగతా నలుగురూ పైకి బయల్దేరారు. వాళ్ళ పరీక్ష కూడా చెడుతోందని మాస్టారి ప్రాణం చివుక్కుమంది. మీరు రావద్దంటూ గబగబా చెయ్యి ఊపారు. నీళ్ళలో అలా ఊపితే ఆపదలో ఉన్నట్టు. శిక్షకురాలు కూడా గబగబా ఈదుకుంటూ వచ్చింది. ఆమెకు సర్దిచెప్పబోయి మాస్టారు కిందికి వంగారు. ఎటు ఎత్తుగా ఉంటే అటే పోయే గాలి, కాళ్ళలోకి చేరింది.

నీటి మీద ముందు తేలినవి మాస్టారి ఉబ్బిన కాళ్ళు. ఇద్దరు పట్టుకుని తిరగేస్తే తల వచ్చింది.

ఒడ్డున జిప్పు తీశాక స్వెట్టర్లు బయటపడ్డాయి. రేపు ఏ మొహంతో క్లాసులో బోర్డు ముందు నిలబడాలో తెలియక మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"ఫెయిలని రాసెయ్యండి. ఆ సీటు మా బావమరిదికి ఇచ్చెయ్యండి," అన్నారు.

"ఫెయిలే. కానీ పడవలో మీరే రావాలి," అంది శిక్షకురాలు. "మునిగేవాళ్ళను కాపాడ్డం నేర్చుకునేవాళ్ళు ఆరుగురు వస్తున్నారు. లోతు లేని చోట వాళ్ళ కోసం ఒకరు ఆపదలో పడాలి. ఎవరిని నటించమన్నా సహజంగా రావట్లేదు."

"మరి మా తమ్ముడు?" అంది భార్య.

"బాగా ఈదుతాడు. పనికిరాడండి."

మాస్టారు తల తుడుచుకుని, హుందాగా ఒప్పుకున్నారు. శిక్షకురాలు పెట్టిన షరతు ఒక్కటే: ఈ వారంలో ఆయన ఏమీ నేర్చుకోకూడదు.