ముందు పైకొచ్చిన చొక్కా

ఆ అక్టోబరు ఉదయం సెబాస్టియన్‌కు రెండే పనులు. గని అడుగున కొత్త కౌంటరు పరీక్షలో నెగ్గాలి. సాయంత్రం ఇంట్లో జపమాల ప్రార్థనకు పెట్రోమాక్స్ దీపం వెలగాలి.

"మాంటిల్ చినిగిపోయి ఉండాది. వచ్చేటప్పుడు రెండు తెండి. మర్చిపోయి వచ్చేరు," అంది భార్య సెలీన్.

మర్చిపోతానేమోనన్న భయంతో అతను వెళ్లేటప్పుడే కొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మనిషికి భయమెక్కువ, పైగా మూడేళ్లుగా టెంపరరీ. తను తయారుచేసిన కౌంటరు సరిగా పనిచేస్తే పర్మనెంటు, లేకపోతే ఇల్లు. దీపంలో వెలిగే ఆ జాలీ గుడ్డలో, అంటే మాంటిల్‌లో, థోరియం ఉంటుందనీ, దాన్నుంచి కిరణాలు వస్తాయనీ పొట్లం మీద రాయరు. రాసినా ఆ కంగారులో చదివి ఉండేవాడు కాదు.

ఏడు వేల అడుగుల లోతున, ఆకాశం నుంచి వచ్చే కిరణాలు దాదాపు చొరబడని చోట, శాస్త్రవేత్తలు ఇనుప పలకల మధ్య కౌంటర్లు పేర్చి, ప్రోటాన్ ఎప్పటికైనా విరుగుతుందేమోనని కాచుకుని ఉన్నారు. కౌంటరంటే గ్యాసు నింపిన గొట్టం. కిరణం తగిలితే లెక్కపెడుతుంది. కొత్తది నిమిషానికి ఇరవై దాటకూడదు. సెబాస్టియన్ వంగి చూశాడు. రెండొందలు.

"గ్యాసు లీకేమో," అన్నాడు ఇంజనీరు ఆదినారాయణప్ప.

"నేనే నింపినాను సార్."

"అందుకే అడిగినాను. ఇంగ కేబులు మార్చి చూడప్పా."

కేబులు కోసం సెబాస్టియన్ అవతలికి వెళ్లగానే లెక్క పద్దెనిమిదికి దిగింది. తిరిగొస్తే రెండొందలు. మూడోసారి ఇంజనీరుకు అనుమానం వచ్చింది.

"కౌంటరు బాగానే ఉండాది. నువ్వే బాగా లేవు. రాత్రి ఏం తిన్నావు?"

"సంగటి సార్."

"అది అందరమూ తిన్నాం."

ఆదినారాయణప్ప పైకి ఫోను చేశాడు. పై ఆఫీసు గుమాస్తా గుండప్ప 'సెబాస్టియన్ దగ్గరికి వస్తే కౌంటరు చెడుతోంది' అని రాసుకుని ఒక కాగితం పెద్ద ఆఫీసుకు పంపాడు. కింద సెబాస్టియన్‌కేదో అయిందన్న మాట నోటా నోటా వీధికి చేరింది. అరగంటలో సెలీన్ ఇరుగుపొరుగు ఆడవాళ్లతో గని గేటు దగ్గరుంది.

కింద సెబాస్టియన్ బెల్టు విప్పాడు, మెడలో పతకం తీశాడు. చొక్కా విప్పి దూరంగా పెట్టగానే లెక్క దిగింది. మనిషిని విడిగా ఇంకోసారి పరీక్షించాలి కనుక, చొక్కాను జేబులైనా తడమకుండా సీసపు పెట్టెలో పెట్టి, పైన 'సెబాస్టియన్ చొక్కా' అని రాసి, ముందుగా పైకి పంపేశారు.

గనుల్లో పుట్టిపెరిగిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషి రాకుండా బట్టలు పైకొస్తే ఇక అడగడానికేమీ మిగలదు. పేరు చదివి సెలీన్ అలాగే కూలబడింది. సాయంత్రం ఇంట్లో జరగాల్సిన జపమాల గేటు దగ్గరే, ఆత్మశాంతి కోసం మొదలైంది. గుండప్ప టోపీ తీశాడు.

కాసేపటికి సెబాస్టియన్ బనియనుతో పైకి వచ్చాడు. అందరూ మోకరిల్లి ఉండటం చూసి తనూ వెనక మోకరిల్లాడు.

"ఎవరికమ్మా?" అని పక్కింటి ఇసబెల్లాను మెల్లగా అడిగాడు.

"మన సెబాస్టియనుకప్పా," అందామె కళ్లు తెరవకుండానే.

"ఎప్పుడు?" అన్నాడతను.

ఆ గొంతు విని సెలీన్ వెనక్కి తిరిగింది. "బతికుండే మనిషి ముందు రాకూడదా, చొక్కాను పంపిస్తారా," అంది.

వెనకే వచ్చిన ఆదినారాయణప్ప పెట్టె తెరిచి జేబు వెతికాడు. మాంటిళ్లు చూసి నవ్వాడు.

"జేబులో పొట్లాన్ని కూడా పట్టేసిందే నీ కౌంటరు. ఇంత బాగా పనిచేసేది మన దగ్గర ఇంకోటి లేదు. పర్మనెంటుకు ఈ పొద్దే రాస్తాను."

రాశాడు కూడా. అయితే గుండప్ప కాగితం అంతకు ముందే పెద్ద ఆఫీసుకు చేరింది; అక్కడ రెండూ చదివారు, రెండింటినీ ఆమోదించారు.

పది రోజులకు ఆర్డరు వచ్చింది: సెబాస్టియన్‌ను కౌంటర్ల పనిలో పర్మనెంటు చేయడమైనది, అతడు కౌంటర్లకు ఇరవై అడుగుల లోపలికి రాకూడదు.