నలభై మూడో కాసు

"పూర్వకాలపు జనం మూఢులు! చేతిలో కాసు పడందే వాళ్ళ దేవుళ్ళు కూడా కదిలేవాళ్ళు కాదు!"

ఈ మాటన్నది మా ఎమ్మార్వో శివరామయ్యగారు. మండలాఫీసు వరండాలో, కుర్చీ ఎక్కి మరీ అన్నారు. మండలం పేరు చెప్పను, మాచర్ల వైపనుకోండి. నా పేరు నెహెమ్యా, అక్కడ రోజుకూలీ అటెండర్ని. పర్మనెంటు చేస్తామని రెండేళ్ళనించీ చెప్తన్నారు.

సంగతేందంటే, ఆఫీసు వెనకాల మరుగుదొడ్డికి గుంట తవ్వుతుంటే కుండ దొరికింది. దాంట్లో సీసపు కాసులు, ఒక్కోదాని మీదా బుల్లి ఏనుగు. ఎప్పుడో రాజుల కాలంవంట! జిల్లా నించి పురావస్తు ఆఫీసరు వచ్చేదాకా కాపలా నాది.

"ఒరేయ్ నెహెమ్యా, నలభై మూడున్నయ్. ఒక్కటి తగ్గినా పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఆఫీసు గడప కూడా తొక్కవు!" అన్నారు దొరగారు.

ఆ పైన జనానికి ఉపన్యాసం. "పని కావాలంటే కుండలో కాసేసి మంత్రం చదివేవాళ్ళు. డబ్బిస్తే పనులవుతయ్యా? ఎంత అజ్ఞానం!"

"చానా అజ్ఞానమండీ!" అన్నాడు గుమాస్తా పుల్లారావు. ఆయన సొరుగు ఎప్పుడూ జానెడు తెరిచే ఉంటది, గాలాడాలని.

ఏడాదిగా పింఛను కోసం తిరుగుతున్న కుల్సుం పిన్నమ్మ నా చెవి దగ్గరకొచ్చింది. "అబ్బాయ్, కుండలో ఎంతెయ్యాలంట?"

"నాకేం తెలుసు పిన్నమ్మా!"

"పుల్లారావు యాభై అడుగుతున్నాడు. దీనికి పావలా చాల్లే," అని టంగుమని వేసేసింది.

ఆ మధ్యాన్నమే కలెక్టరు జీపు నడికుడి దాటిందని ఫోనొచ్చింది. శివరామయ్యగారు గంటలో పెండింగు కాగితాలన్నిటి మీదా సంతకాలు గీకిపారేశారు. జీపు ఇటు రానే లేదు, పిన్నమ్మకి పింఛను మాత్రం వచ్చేసింది!

ఇంకేముంది! తెల్లారేసరికి కుండ ముందు బారులు. పొద్దుగూకేసరికి పావలాలన్నీ ఏరి సర్కారు ఖాతాలో కట్టి, సీసపు కాసులు నలభై మూడూ లెక్కబెట్టుకుని గుండె మీద చెయ్యేసుకునేవాణ్ణి. పుల్లారావు సొరుగులో మాత్రం బల్లి గుడ్లు పెట్టింది. "మూఢనమ్మకాలు ప్రబలిపోతున్నయ్! దేశం ఏమైపోవాలి!" అని పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

జిల్లా ఆఫీసరు రానే వచ్చాడు. బల్ల మీద కాసులు గుమ్మరించి లెక్కబెట్టాడు.

"నలభై రెండు."

నేను మళ్ళీ లెక్కబెట్టాను. నలభై రెండే!

"దొంగ వెధవా! గవర్నమెంటు సొత్తు మింగుతావా!" అని శివరామయ్యగారు నన్ను కొట్టబోయి చెయ్యెత్తారు. చొక్కా చెయ్యి పైకి జారింది. దండకి నల్లతాడు. తాడుకి సీసపు కాసు. కాసు మీద ఏనుగు!

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. దించితే ఏనుగు దాగుతుందన్న ఆలోచన కూడా రాలేదు పాపం ఆయనకి.

జిల్లా ఆఫీసరు లేచి, ఆ కాసుని కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు. నా ఉద్యోగం నిలబడిందిరా దేవుడా అనుకున్నాను.

"ఎప్పుడు కట్టారు?"

"నిన్న రాత్రండీ," అన్నారు శివరామయ్యగారు నేల చూపులు చూస్తా.

"ఫలితం?"

"ఈ పొద్దున్నే ఆర్డరొచ్చిందండీ. ఎన్నాళ్ళనించో అడుగుతున్న నరసరావుపేటకే ట్రాన్స్‌ఫరు."

ఆఫీసరు గది తలుపు దగ్గరకేశాడు. పుల్లారావుని పంచనామా రాయమన్నాడు. తన చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడుచుకున్నాడు.

"రాసుకోవయ్యా. గుంటలో దొరికిన కాసులు... నలభై ఒకటి."

లెక్కలో తేడా ఏమీ రాలేదు కాబట్టి నన్నెవరూ తీసెయ్యలేదు. పర్మనెంటు కాగితం కూడా తయారైందంట, పుల్లారావు సొరుగులో ఉంది. యాభై అడుగుతున్నాడు.

పావలా ఏద్దామంటే, కుండ జిల్లాకి పోయె!