స్కాట్లండ్ పొయ్యికి సర్కారు గౌరవం

మా బావ బేకరీలోని పొయ్యి ఇకమీదట జాతి సంపద అని మంత్రిగారు స్వయంగా వచ్చి ప్రకటించారు. ఆ సమయానికి పొయ్యిలో రెండు వందల బన్నులున్నాయి. జాతి సంపదలో చెయ్యి పెట్టకూడదన్నారు కనుక అవి అక్కడే బొగ్గయ్యాయి.

నేను ఆ పొయ్యికి కట్టెలు తోలేవాణ్ణి. అందుచేత జరిగిందంతా దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

పొయ్యి మూతి దగ్గర ఒక ఇటుక ఊడొస్తే దాని మీద ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. పేపర్లో ఫొటో పడింది. మూడోనాటికి మంత్రిగారు, ఆయన వెనక పురావస్తు శాఖ డైరెక్టరుగారు దిగారు.

"ఎక్కడిదయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు.

"స్కాట్లండుది సార్. పొయ్యి మొత్తం ఇవే," అన్నారు డైరెక్టరుగారు.

"అంత దూరం నుంచి ఏం పనిమీద వచ్చాయి?"

"ఖాళీ ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువుకి వేసేవాళ్లు సార్."

"వేరే పనేం లేదా? ఉత్తి బరువుకేనా?"

"ఉత్తి బరువుకే సార్."

మంత్రిగారు ఆ ఇటుకను చాలాసేపు నిమిరారు. అయినవాళ్లు ఎదురుపడ్డట్టు ఆయన ముఖం మెత్తబడింది. ప్రకటన చేసింది అప్పుడే.

వెంటనే డైరెక్టరుగారు 'మంట పెట్టరాదు' అని బోర్డు కొట్టించారు. బావ చేతుల పిండి దులుపుకుంటూ వచ్చాడు.

"అయ్యా, మా ముత్తాత వెలిగించింది మొదలు ఇది చల్లారి ఎరగదండీ. చల్లారితే చెమ్మ పడుతుంది. మా ఇల్లు గడిచేది దీనిమీదేనండీ."

"మంటకి ఇటుక పాడవుతుందయ్యా."

"ఇటుక పుట్టిందే మంటలో కదండీ!"

"అలాగని ఫైల్లో లేదు," అన్నారు డైరెక్టరుగారు.

శాఖవారి శ్రద్ధ గురించి ఎంత చెప్పినా తక్కువే. లోపలి మసి చూసి నొచ్చుకుని, ఫైరింజను తెప్పించి కడిగించారు. తడి ఆరకుండానే చుట్టూ అద్దాలు బిగించారు. అద్దాలకు ఆవిరి పట్టి లోపల ఏముందో కనిపించకపోయేసరికి, బయట పొయ్యి ఫొటో వేలాడదీశారు. జనం దాన్ని చూసి సంతోషంగా వెళ్లేవారు.

నలభై రోజులు బేకరీ మూతపడింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదురా," అంది అక్క. "నిన్న కూర్చుని నా దిండు పిసుకుతున్నాడు."

నలభై ఒకటో రోజున శుభవార్త వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి కనుక, మంత్రిగారి చేతులమీదుగా పొయ్యిని మళ్లీ వెలిగిస్తారట. బావ ఆ పూటే గడ్డం గీసుకున్నాడు. అయినా మనసాగక డైరెక్టరుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"తడి పొయ్యండీ. వారం రోజులు సన్న సెగ పెట్టి ఆరబెట్టాలి. ఒక్కసారే మంటేస్తే ఇటుక పేలిపోద్దండీ."

"ప్రోగ్రాంలో మంటకి నాలుగు నిమిషాలుంది. వారమంటే ఎలాగయ్యా?"

"పోనీ, ముందునుంచీ నేను కాస్త సెగ పెడతానండీ."

"నువ్వే వెలిగిస్తే ఇక మినిస్టరుగారు వెలిగించేదేంటి?"



వెలిగించే రోజున కట్టెలు నావి. వాటిమీద పోసిన డబ్బాడు పెట్రోలు మాత్రం శాఖవారిది. అద్దాలు తీశారు, మంత్రిగారు కాగడాతో నిప్పంటించారు, చప్పట్లు మోగాయి. కాసేపటికి లోపల ఢామ్మని ఒక ఇటుక పేలింది.

"తుపాకుల వందనం కూడా పెట్టారా!" అని మంత్రిగారు డైరెక్టరు వంక మెచ్చుకోలుగా చూసి, నిటారుగా నిలబడ్డారు.

ఇరవై ఒకటి దాకా నేను లెక్కపెట్టాను. తర్వాత కప్పు కూలింది.

దుమ్ము అణిగాక చూస్తే బావ ఆ కుప్ప ముందు చతికిలబడి ఉన్నాడు. డైరెక్టరుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, అక్కడికక్కడే కాగితం రాయించి సంతకం చేశారు. పొయ్యి అనునది కనిపించనందున దానిని జాతి సంపద జాబితా నుంచి తొలగించడమైనది; మంటపై నిషేధం తక్షణం రద్దు.

మంత్రిగారు ఆ కాగితాన్ని బావ చేతిలో పెట్టి, ఫొటోవాళ్ల వైపు తిరిగారు.

"రేపట్నుంచి హాయిగా కాల్చుకో. మా ప్రభుత్వం ఎవరి పొట్టా కొట్టదయ్యా!"