ఎండిపోయిన మాటకు చిలక కార్డు

మానవజాతి వాడుకునే శక్తులన్నిటిలోకీ మీటరు లేకుండా ఇష్టమొచ్చినట్టు ఖర్చయిపోతున్నది సృజనశక్తి ఒక్కటేనని పెద్దలు ఆలస్యంగానైనా గ్రహించారు. కరెంటుకు మీటరుంది, నీళ్ళకు కుళాయి ఉంది, గ్యాసుకు బుకింగ్ ఉంది. కవులు, గాయకులు, బుర్రకథలు చెప్పేవాళ్ళు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా బుర్రలో ఉన్నదంతా వాడేసుకుని, అది కాస్తా అడుగంటాక గోడకు చేరబడి ఫ్యాను చూస్తూ కూర్చుంటున్నారు. ఈ అరాచకాన్ని అరికట్టడానికే సృజనశక్తి పునరుద్ధరణ శాఖ పుట్టింది. పుట్టిన శాఖను రోడ్డు మీద పడుకోబెట్టలేరు కనుక రాజాంలో ఎరువుల గోడౌను మేడమీద దానికో ఆఫీసు చూశారు.

ఎండిన శక్తిని తిరిగి నింపడం ఎలాగన్న విషయం మీద ఒక కమిటీ దేశమంతా తిరిగింది (చల్లని కొండలున్న చోట్లు రెండుసార్లు తిరిగింది). చివరికి రాజాం బస్టాండు బయట చిలక జోస్యం చెప్పే సోములు దగ్గర ఆగింది. చిలక పంజరంలోంచి వచ్చి, పేర్చిన కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగి, నాలుగు వడ్లగింజలు తిని లోపలికి పోయింది. నిర్ణయం తీసుకోవడానికి ఇంత తక్కువ తినే ఉద్యోగిని కమిటీ తన సర్వీసులో చూడలేదు. వెంటనే సోములును ఔట్‌సోర్సింగులో తీసుకున్నారు. అతని చిలక ఝాన్సీకి కార్డు ఎంపిక అధికారిణి హోదా ఇచ్చారు. కార్డుల మీద దేవుళ్ళ బొమ్మలు తీసేసి, శక్తి పుంజుకునే మార్గాలు అచ్చు వేశారు. నాగావళి ఒడ్డున నడక, పాత మిత్రుడితో తగువు, పనసకాయ కొట్టుట, మధ్యాహ్నం నిద్ర (గెజిటెడ్ అధికారులకు మాత్రమే), ఇలాంటివి.

ఈ ఆఫీసు మెట్లెక్కే గతి తనకు పడుతుందని ఫ్లెక్సీ ఉపేంద్ర కలలో కూడా అనుకోలేదు. రాజాం నుంచి కోటబొమ్మాళి దాకా గాలికి ఊగే ఫ్లెక్సీల్లో సగం మాటలు అతనివే. యువకెరటాలనూ అతనే లేపాడు, పేదల పెన్నిధులనూ అతనే తవ్వి తీశాడు. అలాంటివాడు ఒకరోజు రైసుమిల్లర్ల సంఘం అధ్యక్షుడి పుట్టినరోజుకు రెండు ముక్కలు రాయబోయి, ఏదీ తోచక, 'మీరు లేని లోటు తీరనిది' అని రాసి పంపేశాడు. అది నాలుగు రోడ్ల కూడలిలో వారమంతా వేలాడింది. అధ్యక్షుడు స్వయంగా వచ్చి చూసి, ఫోటో బాగా పడిందని మెచ్చుకుని వెళ్ళాడు (ఫ్లెక్సీల్లో మాటలు చదివే ఆచారం మన ప్రాంతంలో లేదు). ఎవరూ తిట్టలేదు గానీ, తన బావి ఎండిపోయిందని ఉపేంద్రకు ఆరోజే తెలిసిపోయింది.

తెలిసినా ఎలాగో నెట్టుకొచ్చేవాడే. కానీ అతని మేనమామ కూతురూ పెళ్ళామూ అయిన ధనలక్ష్మి, పాలకొండ రోడ్డు మలుపులో టిఫిన్ సెంటరు పెడుతోంది. గురువారం ఉదయం ప్రారంభం. గది ఆమే వెతుక్కుంది, పెనం ఆమే బేరమాడింది, పిండి రుబ్బే గ్రైండరు పుట్టింటి నుంచి ఆమే మోయించుకొచ్చింది. మొగుణ్ణి అడిగింది ఒక్కటే, బోర్డు మీదికి ఒక మాట.

"ఊరందరికీ రాసినావు బావా. బతికున్నోలకీ రాసినావు, పోయినోలకీ రాసినావు. నాకొక్క ముక్క రాయి. ఇంకెవులికో రాసింది నాకొద్దు" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. 'రుచులకు రారాజు' మిఠాయి కొట్టుకు ఇచ్చేశాడు. 'అమ్మ చేతి వంట' మూడు హోటళ్ళకు ఇచ్చాడు (మూడింట్లోనూ వండేది మగవాళ్ళే). 'ఆత్మీయతకు చిరునామా' శ్మశానవాటిక గేటుకు రాశాడు. అగ్గిపెట్టె వెనక, అరచేతి మీద, ఆఖరికి అట్లపిండిలో వేలితో కూడా రాసి చూశాడు. ఏదీ ధనలక్ష్మిది కాదు. రోజంతా పరాయివాళ్ళను పొగిడి, పెళ్ళానికి ఒక్క మాట పుట్టించలేకపోతున్నందుకు అతనికి నిజంగా సిగ్గేసింది. ఆదివారం రాత్రి సరిగ్గా తిండి తినలేదు. సోమవారం పొద్దున్నే ఎరువుల గోడౌను మెట్లెక్కాడు.

మేడమీద సహాయ సంచాలకుడు వేంకటాచలంగారు ఉన్నారు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఆ కుర్చీలో కూర్చోవడానికి టోకెను కావాలని చెప్పి, టోకెను కింద గోడౌనులో ఇస్తారని చెప్పారు. ఉపేంద్ర కిందికెళ్ళి టోకెను తెచ్చుకున్నాక చాలా ప్రేమగా పలకరించారు.

"మీ శక్తి ఎండిపోయినప్పుడు రాజాం ఏ జిల్లాలో ఉందండీ?"

నవ్వాల్సిన ప్రశ్న కాదది. రాజాం నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. పాత జిల్లాలో ఎండిన శక్తిని కొత్త జిల్లాలో నింపితే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారు? ఉపేంద్ర నిజాయితీపరుడు కావడంతో, ఎండటం పాత జిల్లాలోనే మొదలైనట్టుందని, పూర్తిగా అడుగంటింది మాత్రం ఈమధ్యేనని చెప్పాడు. వేంకటాచలంగారు పెన్ను కింద పెట్టేశారు. అలాగైతే మొదటి సగానికి శ్రీకాకుళం నుంచి అభ్యంతరం లేదని పత్రం తేవాలన్నారు. అతని మొహం చూసి జాలిపడి, ఒక్క దెబ్బకే ఎండిపోయిందని రాసిస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. ఉపేంద్ర ఒక్క దెబ్బకే ఎండిపోయాడు.

తర్వాతది నిస్సత్తువ రుజువు. తాను ఏమీ రాయలేకపోతున్నానని దరఖాస్తుదారుడు స్వహస్తాలతో ఒక పేజీకి తగ్గకుండా రాయాలి. ఉపేంద్ర నిజంగానే ఏమీ రాయలేక తెల్లకాగితం ఇచ్చాడు. అసంపూర్ణమని తిప్పికొట్టారు. కోపమొచ్చి తన బాధంతా వెళ్ళగక్కుతూ పేజీ నింపాడు. వేంకటాచలంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంత బాగా రాసేవారికి ఈ పథకం వర్తించదని చెప్పారు. అప్పటికి ఉపేంద్ర తల ప్రాణం తోకకొచ్చింది. కిందికెళ్ళి, గోడౌను గోడ మీదున్న యూరియా, పొటాష్ ధరల పట్టిక యథాతథంగా ఎక్కించి తెచ్చాడు. చదివి, "పాపం, చాలా ముదిరిందండీ" అంటూ సంతకం పెట్టేశారు.

ఇక మిగిలింది ఝాన్సీ. మంగళవారం ఆమె వేలిముద్ర పడలేదు. కాలు గోరు మెషిన్ మీద పెట్టిన ప్రతిసారీ 'మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. ఆమె మళ్ళీ ప్రయత్నించింది (ఆ ఆఫీసులో ఈ మాట విని విసుక్కోనిది ఆమె ఒక్కతే). మధ్యాహ్నం సర్వరు పడిపోయింది. సర్వరు లేచేసరికి ఝాన్సీ భోజనానికి వెళ్ళింది. ఆమె భోజనం అరనిమిషమే గానీ, భోజన విరామం అందరితో పాటే. ఎల్లుండి ప్రారంభం పెట్టుకుని చిలక తినడం పూర్తయ్యేదాకా బెంచీ మీద కూర్చున్న ఉపేంద్ర, కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాడు.

ఆఖరికి సోములు పంజరం తలుపెత్తాడు. ఇక్కడ కార్డుల సంగతి ఒకటి చెప్పాలి. నాగావళి ఒడ్డున నడకకు నీటిపారుదలవాళ్ళు ఒప్పుకోలేదు. పనసకాయ కొట్టడానికి అటవీశాఖ ఒప్పుకోలేదు. పాత మిత్రుడితో తగువుకు పోలీసులు బందోబస్తు ఇవ్వలేమన్నారు. ఏ శాఖా అభ్యంతరం చెప్పని మార్గం ఒక్కటే మిగిలింది కాబట్టి కార్డుల కట్టంతా దాన్నే అచ్చు వేయించారు. అయినా ఝాన్సీ తొందరపడలేదు. కార్డుల మీద ఆ చివరి నుంచి ఈ చివరకు నడిచింది, ఒకటి సగం లాగి వదిలేసింది, తల పక్కకు వాల్చి ఉపేంద్రను ఎగాదిగా చూసి, అప్పుడు తీసింది.

'వరుసలో నిలబడుట' అని ఉంది.

సోములు రెండు చేతులా దణ్ణం పెట్టి, శానా బలమైన కార్డని, ఈమధ్య అందరికీ ఇదే వస్తన్నాదని చెప్పాడు. ఉపేంద్ర కిందికి దిగి, వీధి మలుపు దాకా ఉన్న వరుస చివర నిలబడ్డాడు.

అతని ముందు గంగులు అనే ముసలాయన ఉన్నాడు. తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. నలభై ఊళ్ళను కాళ్ళ మీద గెంతించిన పాటగాడు. ఇప్పుడు చరణం ముందుకు పోవడం లేదని వచ్చాడట. ఎండ నడినెత్తికెక్కింది. గంగులు తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగాడు.

"పొద్దున్న తాగిన టీయే బాబూ. ఆకలేస్తన్నాది. దీనికి కూడా అప్లికేషన్ పెట్టాలేటి?"

ఉపేంద్ర లోపల ఎక్కడో ఊట కదిలింది. ఇన్నాళ్ళూ రాని మాట అడక్కుండా వచ్చి నాలుక మీద కూర్చుంది. 'ఇక్కడ ఆకలికి అప్లికేషన్ అక్కర్లేదు.' అంతే. దానికి రారాజులు లేరు, చిరునామాలు లేవు. అతను గంగులును కావలించుకుని, రేపు కాదు ఎల్లుండి పొద్దున్న పాలకొండ రోడ్డు మలుపులో నీకు అట్లు తినిపిస్తానని చెప్పి, వరుస వదిలేసి పరిగెత్తాడు. దారి పొడుగునా మరిచిపోతానేమోనని పైకి చదువుకుంటూనే వెళ్ళాడు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

ధనలక్ష్మి పప్పు కడుగుతోంది. మాట విని చెయ్యి ఆపేసింది.

"మల్లీ సెప్పు."

చెప్పాడు. ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుని, తనే ఒకసారి అని చూసుకుంది. తర్వాత ఆ పూట పప్పుకీ, పెనానికీ, పక్కింటి గోడకీ వినిపించేలా ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

"ఇది నాదే బావా. ఇంకెవులికైనా రాసినావంటే సూడు" అంది. ఉపేంద్రకు ఏనుగెక్కినంత సంబరమైంది.

బుధవారం పొద్దున్నే వేంకటాచలంగారు పూలదండతో వచ్చారు. శాఖ పుట్టాక శక్తి తిరిగి వచ్చిన మొట్టమొదటి లబ్ధిదారుడు ఉపేంద్రే. నియమాల ప్రకారం లబ్ధిదారుడి తొలి సృజన మీద మంజూరు చేసిన అధికారులందరి ఫోటోలూ ఉండాలి, అది విజయనగరంలో శాఖ ఒప్పుకున్న ప్రెస్సులోనే అచ్చు కావాలి. కాదంటే ఇచ్చిన శక్తిని జప్తు చేసే అధికారం శాఖకు ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి వరమిచ్చి, పక్కన తన ఫోటో వేయమన్నాడు. ఉపేంద్ర భయపడుతూనే ప్రెస్సుకెళ్ళి ప్రూఫు చూశాడు. పైన ఒక వరుస అధికారులు, కింద ఒక వరుస అధికారులు, మధ్యలో ఇరుగ్గానే అయినా మాట మొత్తం ఉంది. ధనలక్ష్మి పేరు కూడా ఒక మూల ఉంది. పోనీలే, మాట బతికింది కదా అని ఒప్పుకున్నాడు. అతను ప్రెస్సు గుమ్మం దిగాక సోములు అక్కడికి ఫోను చేసి, అసలు కార్డు తీసినావిడనే మరిచిపోయారేటని నిలదీసిన సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు.

గురువారం మసక చీకట్లో ప్రెస్సువాళ్ళు వచ్చి ఫ్లెక్సీ కట్టి వెళ్ళిపోయారు. లోపల ధనలక్ష్మి తొలి వాయి ఇడ్లీ దించింది, కొబ్బరి పచ్చడికి తాలింపు పెట్టింది, దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తొలిరోజు నలుగురైనా వస్తారో రారోనని రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. షట్టరు ఎత్తింది.

ఎదురుగా జనం. మలుపు తిరిగి, పెట్రోలు బంకు దాటి, కనుచూపు మేర ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. ప్రతి చేతిలోనూ ప్లాస్టిక్ కవరు, కవరులో ఆధార్ జిరాక్సు. వరుసలో నాలుగోవాడు గంగులు. మొగుడూ పెళ్ళాలు బయటికొచ్చి తలెత్తి చూశారు.

'ఇక్కడ ఆకలికి అప్లికేషన్' అని పెద్ద అక్షరాలున్నాయి. ఆ తర్వాత రెక్కలు విప్పి, అధికారులందరికంటే నిండుగా, ఝాన్సీ ఉంది.

"'అక్కర్లేదు' ఏది బావా?" అని ధనలక్ష్మి మెల్లిగా అడిగింది.

ఉపేంద్ర చిలకను చూపించాడు. ధనలక్ష్మి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళలోంచే నవ్వూ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, ముందు నిలబడ్డ ముసలమ్మ దగ్గరికెళ్ళి, కాయితాలేవీ అక్కర్లేదని, లోపలికొచ్చి కూర్చుని తినమని చెప్పింది.

ముసలమ్మ మొహం పాలిపోయింది. "అక్కర్లేదంటే, లిస్టులో నా పేరు లేదనా తల్లీ?"

ఎంత చెప్పినా వరుస కదల్లేదు. ఫ్లెక్సీల్లో మాటలు ఎవరూ చదవరన్నది తప్పని ఉపేంద్రకు అప్పుడే తెలిసింది. అప్లికేషన్ అన్న మాట ఉంటే పక్క మండలం నుంచి కూడా చదువుతారు. ధనలక్ష్మి కాసేపు చూసింది. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఒక స్టూలు లాక్కుని కూర్చుని చెయ్యి చాపింది. జిరాక్సు తీసుకుని ఇడ్లీ ప్లేటు ఇచ్చింది. అట్టు కావాలన్నవాళ్ళ దగ్గర పాస్‌పోర్టు ఫోటో కూడా తీసుకుంది. అందరూ తృప్తిగా తిన్నారు, డబ్బులిచ్చారు, పచ్చడి బాగున్నాదన్నారు. ఆ కాయితాలు ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు. వెనకెక్కడి నుంచో ఒకాయన, చిలక ఎన్నింటికి వస్తాదని అడిగాడు.