ఎర్రగీత దాటిన దుమ్ముబిళ్ళ

దుమ్ము లేపేది మీరు. ఆ దుమ్ము ముఖ్యమా కాదా అని తేల్చడానికి షామియానా వేయించిందీ మీరే. ఓ శిలాసౌరభ క్రషర్స్ యాజమాన్యమా, మనిషి ముక్కులో కంకరపొడి కొట్టి, ‘నీకు ఏ అంశము ప్రధానము’ అని మర్యాదగా అడిగిన నేరం మీది. మీరు పరిచిన కుర్చీల నడుమ, మీరే కట్టిన ఫ్లెక్సీ ముందర మీకు జరిగిన పరాభవాన్ని చెబుతాను, వినండి.

ఉదయగిరి దుర్గశిఖరముల నుండి లంఘించి, ఆత్మకూరు బస్టాండు రేకులపై కాగి, పెన్నా ఇసుకతిన్నెలపై వేగి, ప్రచండ మార్తాండ కిరణ సహస్రము వైశాఖ మధ్యాహ్నమును ఇనుపపెనముగా మార్చుచుండగా, ఆ రెండు పురముల నడుమ, ఎర్రబండపాళెము మలుపున, బడి ప్రహరీగోడ చెంత, ఊళ్ళకు, పర్యావరణమునకు తానేమి చేయుచున్నదో కంపెనీ ఏటా అచ్చువేయు సుస్థిరతా నివేదికలో ఏది రాయవలెనో ఏది రాయనక్కరలేదో జనుల నోటనే పలికించు మహాసభ కొలువుదీరెను.

గోడకు వేలాడుచున్న తెల్లని ఫ్లెక్సీయే రణరంగము. దానిపై రెండు గీతలు. నిలువుగీత కంపెనీకెంత ముఖ్యమో చెప్పును, అడ్డగీత జనానికెంత ముఖ్యమో చెప్పును. నడుమ ఏటవాలుగా ఒక ఎర్రగీత. ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క గుండ్రని కాగితపుబిళ్ళ. బిళ్ళ ఎర్రగీతకు పైనుంటే నివేదికకెక్కును, ఎక్కినదాని గురించి కంపెనీ ఏంచేసిందో ఏటేటా రాయవలెను, రాయడానికైనా ఏదో ఒకటి చేయవలెను. కిందనుంటే అంతే సంగతులు.

అప్పటికే ఎర్రగీతపైన మహారథులు మోహరించియుండిరి. కర్బన ఉద్గార భట్టారకుడు, జీవవైవిధ్య మహారాజు, సమాచారభద్రతా సేనాని. ఎర్రబండపాళెములో దొంగిలించదగిన సమాచారమేదైనా ఉంటే అది పెద్దరైతు గోవిందయ్యగారి షుగరు లెక్క ఒక్కటే. అదీ ఊరందరికీ తెలిసిందే.

ఆ మహారథుల నెదిరింప లేచినది రాహేలమ్మ. ఇడ్లీపాత్రా కిరీటిని, గరిటాయుధ ధారిణి, బాప్టిస్టు చర్చి స్త్రీల సమాజమునకు అధ్యక్షురాలు. ఆమె ఇడ్లీబండి ఆ మలుపులోనే ఉన్నది. క్రషరు లారీ దిగినప్పుడెల్ల ఆమె కొబ్బరిచట్నీ ఇటుకవర్ణము దాల్చును. గిరాకీ సగానికి పడిపోయెను. వర్షాలు పడేలోగా అది తిరిగి రాకపోతే బండి అమ్ముకొని ఇటుకబట్టీలకు పోవడమే.

సభ నడిపించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు అశ్విత చిరునవ్వుతో అడిగింది.

“ఇందులో మీకు ముఖ్యమైన అంశం ఏదో చెప్పండమ్మా.”

“వీటిల్లో మాది ల్యా పాపా. దుమ్ము అని రాయి.”

పక్కనే కంపెనీ చొక్కాలో ఉన్న మేనేజరు పెంచలప్రసాద్ కదిలాడు. ఇతడూ ఆ పాళెం బిడ్డే.

“దుమ్మేందక్కా, అంత చిన్న విషయాన్ని పట్టుకొని. వీళ్ళు లోకం గురించి అడగతుండారు.”

“లోకం సంగతి తర్వాత చూద్దాం. నువ్వు బడికి పోయేటప్పుడు నా బండికాడ తిన్నావే, ఆ ఇడ్లీలో దుమ్ముండిందా ప్రసాదూ?”

“లేదులే.”

“ఇప్పుడుండాదా?”

“ఇప్పుడు నేను తినడంల్యా.”

“ఎందుకు తినడంల్యా?”

పెంచలప్రసాద్ దగ్గరలో ఉన్న వాటర్‌బాటిల్ తీసుకొని చాలాసేపు తాగాడు.

అశ్విత ఖాళీబిళ్ళపై ‘దుమ్ము’ అని రాసింది. అతడది అందుకొని, ఫ్లెక్సీ అట్టడుగున, పాతాళమున, కుర్చీ నీడ పడుచోట అంటించెను.

“జనానికి ముఖ్యమే, కాదనను. కంపెనీకి ముఖ్యం కాదు గదా. అందుకని కిందక్కా.”

వినండి ఆ న్యాయము. లేపినవాడికి బాధలేదు గనుక పీల్చినవాడి బాధ అట్టడుగున. అప్పుడు రాహేలమ్మ, కొంగు నడుముకు బిగించి, దక్షిణహస్తమును వైశాఖగగనమున కెత్తి, ప్రళయకాల మేఘగర్జనమువలె పలికెను:

“నాయనా ప్రసాదూ, మీ కంపెనీకి ముఖ్యం కాకపోతే ఆ దుమ్మును మీ కంపెనీలోనే పెట్టుకోండి. మా ఊళ్ళోకి ఎందుకు పంపిస్తుండారు? పిల్లకాయల పలకలమీద పంపితిరి. ఆరేసిన తెల్లచీర ఆదివారానికి గోనెసంచి మాదిరి అవతుండాది. నా చట్నీలో పంపితిరి. మీరు పంపేది మాకు వద్దు, అది ఒక్కటే చెప్పేదానికి వచ్చినా.”

సభ చప్పట్లు కొట్టెను. బిళ్ళ మాత్రం కిందనే ఉండెను. చప్పట్లకు బిళ్ళలు కదలవు.

అంతలో క్రషరు దిక్కున భూమి అదిరెను. కంకర నిండిన లారీల అక్షౌహిణి, కప్పు లేక, సిగ్గు లేక, ఒకదాని తోక నొకటి పట్టుకొని మలుపు తిరిగెను. దివి మాయమయ్యెను. షామియానా మాయమయ్యెను. భోజనానికి తెప్పించిన బిరియానీ పొట్లాల మీద ఎర్రని మేఘము దిగెను. అది తేలిపోయాక చూడగా ఫ్లెక్సీకి దుమ్ము పొర పట్టియుండెను, బిళ్ళలు ఒక్కటొక్కటిగా రాలుచుండెను. కర్బన భట్టారకుడు బోర్లపడెను. జీవవైవిధ్యము బెంచీకింద దూరెను. సమాచారభద్రత ఎగిరి రోడ్డున పడి లారీ చక్రమునకంటుకొని ఆత్మకూరు వైపు వెడలిపోయెను.

అశ్విత చేతిరుమాలుతో ఫ్లెక్సీ తుడిచి, మిగిలిన బిళ్ళలేరి మళ్ళీ అంటించింది. మళ్ళీ రాలాయి. జిగురంతా దుమ్ముపట్టింది.

“సార్, బిళ్ళలతో ఉన్న ఫొటో సాయంత్రంలోగా పంపాలి. లేకపోతే ఈ మీటింగు లెక్కలోకి రాదు.”

“గమ్ము కావాలంటే వింజమూరు పోవాల మేడమ్,” అన్నాడు పెంచలప్రసాద్. తరువాత వీరావేశమున బిరియానీ మెతుకు నలిపి పూసెను. నూనెమెతుకు. బిళ్ళ జర్రున జారెను.

అప్పుడు రాహేలమ్మ చూపు ముందు వరుసలోని గోవిందయ్య ఒడిలోని క్యారియరుపై వాలెను. షుగరు మనిషి, బిరియానీ ముట్టడు, ఎక్కడికి పోయినా రాగిసంగటి వెంట తెచ్చుకొనును.

“ఆ క్యారియరు ఇట్లా ఇయ్యి గోవిందయ్యన్నా.”

“అది నా సంగటి మే. తినకపోతే నాకు కళ్ళు తిరగతాయి.”

“సగం చాల్లే. పొద్దున్నే నా బండికాడికి వచ్చి చట్నీ వద్దు, కారప్పొడి చాలంటావే. ఎందుకంటావో ఈడ చెప్పమన్నావా?”

గోవిందయ్య అటూ ఇటూ చూసి క్యారియరు జరిపాడు. “నా లారీలు కూడా క్రషరుకాడ తిరగతుండాయి. సంగటి నాదని చెప్పబాకండి.”

ఊరంతా చూచుచుండగా ఆ రహస్యము భద్రముగా దాగెను.

సంగటిముద్దను గదవలె ధరించి రాహేలమ్మ ఫ్లెక్సీ ముందు నిలిచెను.

“ముందు దుమ్ము. గీతకు పైన. ఆ తర్వాత మీ కార్బనుకు ఎంత కావాలన్నా ఇస్తా.”

“అట్లా కుదరదక్కా, మేడమ్ ఒప్పుకోరు,” అన్నాడు పెంచలప్రసాద్.

మేడమ్ అప్పటికి కళ్ళు నలుపుకుంటోంది. రుమాలు విప్పి చూసుకుంది. తెల్లరుమాలు ఇటుకరంగులో ఉంది. రెండుసార్లు దగ్గి, “జనం చేత్తోనే పెట్టించాలని రూలు సార్. పెట్టనివ్వండి,” అంది.

రాహేలమ్మ సంగటి పూసి, బిళ్ళనెత్తి, పాతాళము నుండి ఎర్రగీత దాటించి, బొటనవేలితో ఒత్తి ప్రతిష్ఠించెను. వైశాఖపు ఎండ దానిని క్షణములో రాయిగా మార్చెను. ఫొటోకు ముందు ‘కొంచెం సర్దుతా’నని పెంచలప్రసాద్ గోటితో గీకెను. గోరు విరిగెను, బిళ్ళ కదలలేదు. అశ్విత ఫొటో తీసి అక్కడికక్కడే పంపించేసింది.

విజయము, విజయము, దిగ్విజయము. ఎర్రగీతకు వేలెడు పైన దుమ్ము పట్టాభిషిక్తమయ్యెను. ఆ సంతోషంలో ఉండగానే మరో లారీ దిగింది.

అందుకే చెబుతున్నాను. మీ నివేదిక అచ్చయ్యేది ఎప్పుడో, అప్పటిదాకా ఆ ఇడ్లీబండి తట్టుకోలేదు. జనం చెప్పిందేమిటో ఫొటోతో సహా మీ దగ్గరుంది, ఇంక మీటింగులొద్దు. రేపు తెల్లవారి రాహేలమ్మ పొయ్యి వెలిగించేలోగా ప్రతి లారీకీ పట్ట కట్టండి, మలుపు నిండా నీళ్ళు కొట్టించండి. పట్ట లేని లారీని పాళెంలోకి దించొద్దు.