ఖాట్మండుకు ఎమ్మిగనూరు అట్ట

ముసురు విడిచి ఎండ కాసిన ఆ ఉదయం వీరేశం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తన షెడ్డులో తయారైన అట్టల్లో మంచివి ఏరి, ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయి, మధ్యాహ్నంలోగా కొరియర్లో వెయ్యాలి. ఖాట్మండులో పెట్టెలు తయారుచేసే షావుకారు నమూనా నచ్చితే లారీలకొద్దీ కొంటానన్నాడు. ఆలస్యమైతే ఇంకొకరి దగ్గర కొంటాననీ అన్నాడు.

తెగిన నూలుపోగులూ పత్తి మిల్లుల చెత్తా నానబెట్టి, గుజ్జు చేసి, దళసరి అట్ట తీయడం వీరేశం పని. చీరల దుకాణాలవాళ్ళు ప్లాస్టిక్ కవర్లకు మారాక ఆ అట్టను అడిగే దిక్కులేదు. బావమరిది శ్రీనివాసులు అక్కడ సిమెంటు గోడౌను పెడదామని, వచ్చినప్పుడల్లా షెడ్డు గోడలు తట్టి చూసుకుంటున్నాడు. ముందురోజే భార్య హేమలత తేల్చేసింది.

"ఇదీ కుదరకుంటే షెడ్డు మా అన్నకు ఇచ్చేద్దాం. ఇంగ నాతో కాదు."

వీరేశానికి ఆ షెడ్డంటే ప్రాణం. పైగా ఉడుంపట్టు మనిషి. ఈసారి కుదిరి తీరుతుందన్న ధీమాతో సరేనన్నాడు.

ఏరిన అట్టలను అరుగు మీద పెట్టి క్షవరానికి పోయాడు. అదే కొంప ముంచింది. వాళ్ళది నేతగాళ్ళ వీధి. చీర మీద పువ్వూ నెమలీ దిగాలంటే ముందు అట్టను పట్టీలుగా కోసి, డిజైను ప్రకారం బెజ్జాలు కొట్టి, దండలా కుట్టి మగ్గానికి ఎక్కించాలి. ఆ బెజ్జాలు కొట్టేది పక్కింట్లో ఉండే మేనమామ అయ్యన్న. రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న ఆ అరుగు మీద అట్ట ఉందంటే కొట్టమని అర్థం. ఎవరూ చెప్పరు, ఆయనా అడగడు. వీరేశం మంగలి షాపులో అడిగినవాడికీ అడగనివాడికీ నేపాల్ సంగతి వివరించి తిరిగొచ్చేసరికి, నమూనా అంతా పట్టీలై, బెజ్జాలు పడి, సగం అయ్యన్న మగ్గం మీదికి ఎక్కేసింది.

"అట్ట శానా బాగుండాదిరా వీరేశా. ఎవురికి తీసినావు?" అన్నాడు అయ్యన్న.

"నేపాల్‌కు మామా," అన్నాడు వీరేశం నీరసంగా.

"నేపాల్‌లో గూడా మగ్గాలుండాయా?"

షెడ్డులో మిగిలినవి ముందురోజు తీసిన పచ్చి అట్టలే. వీరేశం వెనక్కి తగ్గలేదు. వాటిని కాశప్ప ఆటో టాపు మీద పరిచి, తాళ్ళతో బిగించాడు. ఎండా గాలీ కలిసి ఆదోని చేరేలోగా ఆరబెడతాయని లెక్క. చేసిన పనికి మనసొప్పక అయ్యన్న కూడా మిగిలిన బెజ్జాల పట్టీలు ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాడు. అనుకున్నట్టే అట్టలు ఆరాయి. కాకపోతే ఆటో టాపు వంపును దింపుకుని, చేటల్లా ఆరాయి. వీరేశమూ కాశప్పా వాటిమీద కూర్చున్నారు, నిలబడ్డారు, కాసేపు గెంతారు కూడా. ఎంత గట్టి అట్ట అంటే, ఒక్కటీ వంపు వదల్లేదు.

కొరియర్ ఆఫీసులో రజిని అనే అమ్మాయి వాటిని ఎగాదిగా చూసి, ఇవి ఏ పెట్టెలోనూ పట్టవంది. బండి బయల్దేరబోతోందనీ, పెద్దాయన ఒళ్ళో ఉన్నవైతే పడతాయనీ చెప్పింది. వీరేశానికి ఏడుపొక్కటే తక్కువ. కళ్ళముందు షెడ్డంతా సిమెంటు మూటలతో నిండిపోయింది.

"అవే పంపు తల్లీ," అన్నాడు. "ఉత్త చేతుల్తో మాత్రం ఇంటికి పోను."

మళ్ళీ ముసురు పట్టి, విడవబోతున్న రోజుల్లో ఖాట్మండు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్ని బెజ్జాలు కొట్టాక కూడా లాగితే చిరగని అట్టను తన జన్మలో చూడలేదనీ, ముందు ఒక లారీ పంపమనీ షావుకారు హిందీలో అన్నాడు. వీరేశం తనకొచ్చిన ఆదోని బజారు హిందీ అంతా ఖర్చుపెట్టి మాటిచ్చేశాడు. సరుకు చూసుకుందామని షెడ్డుకు పరుగెత్తాడు. షెడ్డులో అట్ట ముక్క లేదు. గుమ్మంలో హేమలత ఉంది.

"ముసురుకు అందరి మగ్గాల మీదా బజారు అట్టలు మెత్తబడినాయి. మామ మగ్గం మీద మనవి గట్టిగ నిలబడినాయి. కోడుమూరు నుంచి గూడా వచ్చి తీస్కపోయినారు. దసరా దాంకా ఇస్తామని మాటిచ్చినా," అంది.

"మరి నేపాల్?"

"ఆగమని సెప్పు. మా అన్నకు గూడా సెప్పినా, ఇంగ షెడ్డు జోలికి రావద్దని."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీరేశం రచ్చ నుంచే మొదలుపెట్టాడు గనక ఇంట్లో ఉన్న గిరాకీ ఏనాడూ కంటపడలేదు. అయినా ఇచ్చిన మాట మాటే. రెండు మాటలూ నిలబెట్టాలంటే గుజ్జుకు రెట్టింపు సరుకు కావాలి. ఆదోని మిల్లుల చెత్త ఒక మూలకూ రాదు. చేసేదిలేక షావుకారుకు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఆయన కడుపుబ్బ నవ్వి, తన కార్ఖానాలో పెట్టెల కత్తిరింపు ముక్కలు గుట్టలుగా పడున్నాయనీ, ముందు అవి కొని గుజ్జు చేసుకోమనీ సలహా ఇచ్చాడు. వీరేశం చెప్పులరిగేలా తిరిగి కావలసిన అనుమతులన్నీ తెచ్చుకున్నాడు.

షెడ్డు ముందు లారీ ఆగిన రోజు వీధివీధంతా వచ్చింది. అయ్యన్న టెంకాయ కొట్టాడు. నేపాల్ ముక్కల మూటలు దించడానికి శ్రీనివాసులు కూడా ఒక చెయ్యి వేశాడు. అలా ఎమ్మిగనూరుకూ నేపాల్‌కూ మధ్య అట్టల ఎగుమతి వ్యాపారం ఘనంగా మొదలైంది. లారీ మాత్రం నిండుగా వచ్చి, ఖాళీగా తిరిగిపోయింది.