ఒంటరి పువ్వుకు సంబంధం

బుజ్జమ్మ వృక్షశాస్త్ర ఉద్యానవనంలో అధికారిణి. అక్కడి గాజుగదిలో ఒక ఆడచెట్టు ఉంది. అడవుల్లో ఆ జాతి ఎప్పుడో అంతరించింది. మగచెట్టు ఒక్కటే, దూరాన మరో తోటలో బతికుంది. ఏళ్ళ తరబడి ఊరించి ఊరించి ఆడచెట్టు నిన్ననే పువ్వు విప్పింది. అది నిలిచేది ఇంకొక్కరోజే. పొద్దున్నే పుప్పొడి తెప్పించి, బడిపిల్లల ఎదుటే పువ్వుకు అద్దాలని ఆమె ప్లాను.

పళ్ళు తోముకుంటూనే అవతలి తోటకు ఫోను చేసింది. "మా పిల్ల ఒంటరిదైపోయిందండీ. ఇన్నాళ్ళకు కుదిరింది. ఈరోజు దాటితే ఇక ఆశ లేదు. బయల్దేరాడా? హమ్మయ్య! తోటకే రమ్మనండి."

తలుపు చాటున అమ్మ వింది. కూతురు స్నానానికి వెళ్ళగానే అదే నంబరు కలిపింది. "తోటలో చూసుకోవడమేంటండీ? పెద్దవాళ్ళం లేమూ? ఇంటికే పంపించండి," అని అడ్రసు చెప్పి, పిన్నికి కబురు పెట్టింది.

తోటలో పిల్లలు చెట్టు చుట్టూ చేరారు. ఎండెక్కింది. బండి జాడ లేదు. బుజ్జమ్మ మళ్ళీ ఫోను చేస్తే, "మీ అమ్మగారు ఇంటికి పంపమన్నారు కదండీ!" అన్నారు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆటో ఎక్కి ఇంటికి పరిగెత్తింది.

సోఫాలో వ్యాను డ్రైవరు రెండో ప్లేటు ఫలహారం ముందు బిక్కుబిక్కుమంటున్నాడు.

"కోపం తొందరగా వస్తుందా బాబూ?" అడుగుతోంది పిన్ని.

"ట్రాఫిక్‌లో వస్తుందండీ."

"పెట్టె ఏదీ?" అరిచింది బుజ్జమ్మ.

"చల్లగా ఉండాలని చెప్పి మీ అమ్మగారికిచ్చానండీ."

"నువ్వూ చల్లగా ఉండాలి నాయనా అన్నాను కూడా," అంది అమ్మ. "పొయ్యి పక్కన పెట్టాను."

బుజ్జమ్మ వంటింట్లోకి దూకి మూత తీసింది. ఐసంతా నీళ్ళయింది. కానీ నీళ్ళింకా చల్లగానే ఉన్నాయి. మూత బిగించిన పుప్పొడి గొట్టం వాటిలో భద్రంగా తేలుతోంది.

"అమ్మా, సంబంధం నాక్కాదు, చెట్టుకి! లోకంలో మిగిలిన ఆడచెట్టు అదొక్కటే!"

అమ్మ ముఖం వాడిపోయింది. అంతలోనే, "ఆ జాతిలో ఆడది అదొక్కటే మిగిలిందా? అయ్యో, మరి నిలబడ్డావేం, పద!" అంటూ అందరికన్నా ముందు వ్యానెక్కింది.

గాజుగదిలో బుజ్జమ్మ భూతద్దంతో పువ్వును చూసింది. నడిమి కాడ కొసన అప్పుడప్పుడే తడి మెరుస్తోంది. ఆ తడి ఊరితేనే పుప్పొడి అంటుకుంటుంది. పొద్దున ఆ కొస ఇంకా పొడిగానే ఉంది. తొందరలో ఆమె చూసీ పట్టించుకోలేదు. పెట్టె వేళకు వచ్చుంటే అంతా నేలపాలయ్యేదే! పక్కనున్న బల్ల మీద కూలబడి, తనలో తనే నవ్వుకుంది. తర్వాత లేచి, పిల్లలకు ఆ తడి చూపించి, కుంచెతో మెల్లగా అద్దింది.

"ఇంక ఈ చెట్టు అంతరించిపోదా మేడమ్?" అడిగింది ఒక పాప.

"పోనివ్వం," అంది అమ్మ, ఎవరూ అడక్కుండానే.

కొన్ని వారాలకు కాయ పట్టింది. గింజలు రెండు తోటల్లోనూ మొలకెత్తాయి.

డ్రైవరుకు ఎప్పుడో పెళ్ళయింది. ఆ సంగతి అతను ముందే ఎందుకు చెప్పలేదంటే, పిన్ని అదొక్కటే అడగలేదు.